మూత మీది చాయ్

హన్మకొండలో మా వైర్‌లెస్ ఆఫీసుకు ఒక పెద్దసారు ఉండేవాడు. మర్యాదగా 'ఉండేవారు' అని రాయాలట. నా వల్ల కాదు.

ఎనభైల మొదట్లో సంగతి. వానాకాలంలో గోదావరి ఎంత పెరిగిందో మాకు సెట్టు మీదే కబురు వచ్చేది. ఆ ఒడ్డుకు ఫోన్ లేదు. అక్కడ గుడిసెలో కూర్చునే ఆపరేటరుది కేసముద్రం. కొత్తగా పెళ్లయినవాడు, టెంపరరీ ఉద్యోగి. ఆర్డరు లేకుండా గుడిసె వదిలితే ఉద్యోగం ఊడుతుంది. ఈ చివర సెట్టు చూసుకునే నన్ను అన్నా అని పిలిచేవాడు.

మా సెట్టు ఒట్టి తిండిపోతు. బ్యాటరీ ఇచ్చే కరెంటులో చాలా భాగం మాటను గాలిలోకి పంపే ఏరియల్ దాకా పోకుండా, వాల్వు అనే చివరి గాజు బుడ్డిలోనే వేడిగా తగలబడేది. పెద్దసారుకు ఆ వేడంటే ముద్దు. చాయ్ గ్లాసును సెట్టు మూత మీద పెట్టించుకుని, తీరిగ్గా తాగేవాడు. చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆదివారాలు పాడు చేసుకుని ఆ వాల్వు పనిచేసే తీరు మార్చాను. అవసరమైనంత సేపే కరెంటు లాగి, మిగతా సేపు ఊరుకునేట్టు చేశాను. ఏరియల్‌తో జత కుదిరేదాకా కాయిల్ సర్దాను. ఏరియల్ మీటరు ముల్లు ఎప్పటి చోటే నిలిచింది. బ్యాటరీ నుంచి లాగే కరెంటు చూపే ముల్లు మాత్రం బాగా కిందికి దిగింది. ఆ రోజు ఈల వేసుకుంటూ ఇంటికి పోయాను.

మర్నాడు సారు ఒక గుక్క తాగి మొహం మాడ్చుకున్నాడు.

"సెట్టు సల్లగున్నది. గరమే లేకుంటె పవరెక్కడిదయ్యా?"

వేడి తగ్గిందంటే దండగ తగ్గిందని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. మీటర్లు చూపించాను. నాకే చెప్పొచ్చినవా అన్నాడు. నేను భోజనానికి పోయిన వేళ అంతా పాత తీరుకు తిప్పేసి, మూతకు లక్కతో సీలు వేశాడు. సాయంత్రానికి చాయ్ మళ్లీ వేడెక్కింది.

ముసురు పట్టిన ఒక రోజు పొద్దున్నే ఊళ్లో కరెంటు పోయి, బ్యాటరీ ఛార్జింగు ఆగింది. బ్యాటరీ సాయంత్రం దాకా ఆగదు, సీలు తీయనివ్వండని అడిగాను. అడుక్కున్నాను అనాలి. వినలేదు. పొద్దు గూకకముందే సెట్టు మూగబోయింది. వినడానికి కొద్దిపాటి కరెంటు చాలు కాబట్టి, అవతలి గొంతు మాత్రం వస్తూనే ఉంది.

"అన్నా, నీళ్లు గడపదాక వచ్చినయి. ఉండాల్నా, పోవాల్నా? జర చెప్పుండ్రి."

పో అని చెబితే చాలు. ఆ ఒక్క మాటకు కరెంటు లేదు. గొంతు ఆగిపోయేదాకా అతను అడుగుతూనే ఉన్నాడు. నేను పలకని మైకు మీట నొక్కుతూనే ఉన్నాను. సారు మాత్రం, వాడే పోతడులే అని గ్లాసు అందుకున్నాడు.

అతను పోలేదు. ఆర్డరు కోసం చూసి చూసి, చివరికి గుడిసె కప్పెక్కి వానలో పడి ఉన్నాడు. తెల్లారాక పడవవాళ్లు దించారు. దవాఖాన నుంచి బయటపడిన రోజే ఆఫీసుకు వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"నా మాట ఇనబడలేదా అన్నా?"

నాకంటే ముందే సారు అందుకుని, సెట్టు ఖరాబైంది, ఏమీ వినబడలేదన్నాడు. గ్లాసు ఆ మూత మీదే ఉంది.

"అంత ఇనబడ్డది తమ్మీ," అన్నాను. "నీకు జవాబు చెప్పాల్సిన కరెంటుతోని సార్ చాయ్ కాగింది."

ఆ మాటకు నన్ను బదిలీ చేశారు. ఇప్పుడు అడిగినా అదే అంటాను.