చెవి వెనక మణికట్టు

మా గువ్వకు ఒళ్ళు వెచ్చబడితే థర్మామీటరు కంటే ముందు నేను నిచ్చెనత్తను అడిగేదాన్ని. గువ్వ మా అమ్మాయి, రెండేళ్ళ మూడు నెలలది. నిచ్చెనత్త నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబు వెనక సందులో ఉన్న డే కేర్‌లో ఆయా. ఆ పేరు పిల్లలు పెట్టింది. బొమ్మల అలమర పై అరకు కుర్చీ లేకుండా చెయ్యి అందేది అక్కడ ఆమెకొక్కదానికే. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది, దానితో ఎవరికీ పనిపడలేదు.

ఆమె మణికట్టు లోపలి వైపును పిల్ల చెవి వెనక ఆనించి, కళ్ళు మూసుకుని రెండు ఊపిర్లు తీసుకునేది. "నూటొకటి. ఇంటికి తీసుకుపో" అనేది. నేను సైన్సు చదివినదాన్ని, ఉత్తినే నమ్మలేదు. పన్నెండుసార్లు ఆమె చెప్పిన అంకె, థర్మామీటరు చూపిన అంకె పక్కపక్కన రాసిపెట్టాను. పదకొండుసార్లు అర డిగ్రీ లోపే తేడా. పన్నెండోసారి థర్మామీటరులో బ్యాటరీ అయిపోవచ్చింది.

మధ్యాహ్నం పిల్లల్ని పడుకోబెట్టడానికి ఆమెకో పద్ధతి ఉండేది. గోడకు ఆనుకుని కాళ్ళు బార్లా చాపి, ఒక్కో కాలి మీద ఇద్దరేసి పిల్లల్ని బోర్లా వేసుకుని, పాదాలు మెల్లగా ఆడించేది. ఊయల కట్టే పనిలేదు. "దేవుడు నాకు ఒక్కరినీ ఇవ్వలేదు గానీ, కాళ్ళు మాత్రం నలుగురికి సరిపోయేట్టు ఇచ్చాడు" అనేది. భర్త లారీ డ్రైవరు, పోయి ఆరేళ్ళయింది. ఆ తర్వాత ఆమెకు ఇల్లూ వాకిలీ అన్నీ ఆ డే కేరే.

తీర్పు ఒక సోమవారం వచ్చింది. మా ల్యాబు వెయిటింగ్ హాల్లో టీవీ ఉంది, రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు పరగడుపున దాన్నే చూస్తూ కూర్చుంటారు. చట్టంలో స్త్రీ అని ఎక్కడ ఉన్నా, పుట్టుకతో ఆడ అయిన మనిషి అనే అర్థం చేసుకోవాలని న్యాయమూర్తులు చెప్పారు. కోర్టు బయట కొందరు చప్పట్లు కొడుతున్నారు. వాళ్ళకు పదడుగుల దూరంలో ఇంకొందరు ఒకరినొకరు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"మంచి పని చేశారు" అంది మా దగ్గర నేల తుడిచే అక్క. "గడియ పడని గదిలో బట్టలు మార్చుకుంటూ పదేళ్ళు ఫ్యాక్టరీలో పనిచేశా. తలుపు కదిలితే ప్రాణం పోయేది."

"మా చెల్లెలు పొద్దున్నుంచీ ఫోను ఎత్తట్లేదు" అంది రిసెప్షనిస్టు, తల ఎత్తకుండానే. "పుట్టినప్పుడు తమ్ముడు. రేపట్నుంచి ఆఫీసులో ఏ గదికి పోవాలంట అది?"

అక్క చేతిలో తుడుపుకర్ర ఆగింది. "మీ చెల్లెల్ని అన్లేదే నేను."

"మరెవర్ని అన్నావు?"

"ఏమోనమ్మా. భయమేసినప్పుడు కళ్ళముందుకో మొహం వస్తుంది. అది మనకి తెలిసినవాళ్ళ మొహం కాదులే."

ఇద్దరూ భయపడుతున్నారని నాకు అర్థమైంది. ఇద్దరి భయమూ నిజమే అనిపించింది కూడా. కానీ కందకు లేని దురద కత్తిపీటకెందుకని నా గదిలోకి పోయాను. ఆ గదిలో నేను చేసే పని క్రోమోజోములు చూడటం. ఆ రోజు అక్కడికి వెళ్ళి తలుపు వేసుకోవడం తలచుకుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

శుక్రవారం డే కేర్ తల్లిదండ్రుల గ్రూపులో ఒక ఉత్తరం వచ్చింది. 'మన పిల్లల భద్రత కోసం' అని పైన పెద్దక్షరాలు. రాసినవారు వకీలుగారు. గువ్వకంటే ఆర్నెల్లు పెద్ద కవలలకు తండ్రి. నేను అప్పుడు బస్సులో ఉన్నాను. మొదటి అంశం, గేటు దగ్గర, స్నానాల గది వరండాలో కెమెరాలు. రెండోది, గొంతులో అడ్డుపడే గింజలు పెట్టకూడదు. ద్రాక్షపండును నాలుగు ముక్కలు కోసి, ఆ ముక్కల్ని మళ్ళీ లెక్కపెట్టే మనిషిని నేను. భద్రత అన్న మాట కనిపిస్తే చాలు, చెయ్యి దానంతటదే సంతకానికి పోతుంది. మిగతా ఐదు అంశాలు చదవకుండానే వేలితో పేరు గీసేశాను.

ఆరో అంశం ఇది: పిల్లలకు స్నానం చేయించేవారు, బట్టలు మార్చేవారు కోర్టు చెప్పిన అర్థంలో స్త్రీలే అయి ఉండాలి, పుట్టిన కాగితం గానీ పరీక్ష గానీ చూపించాలి.

"ఎవరి వైపూ వేలు చూపించలేదమ్మా" అన్నారు వకీలుగారు తర్వాత నేను అడిగితే. "ముగ్గురు ఆయాలున్నారు, ముగ్గురికీ ఒకటే రూలు."

ముగ్గురికీ ఒకటే రూలు. ఇద్దరి దగ్గర పుట్టిన కాగితాలున్నాయి. నిచ్చెనత్త ఇంట్లో పుట్టింది. మంత్రసాని తప్ప సాక్షి లేదు, ఆవిడా ఎప్పుడో పోయింది. ఆ చేతులూ ఆ ఎత్తూ చూసి ఎవరో ఒక తల్లికి అనుమానం వచ్చిందని, ఉత్తరం పుట్టిందే అందుకని ఆలస్యంగా తెలిసింది.

మంగళవారం మధ్యాహ్నం, డే కేర్ మేడం పరీక్షకు పంపితే ఆమె మా ల్యాబుకు వచ్చింది. భయమేమీ లేదు. పెళ్ళికి పిలిచినట్టే వచ్చింది.

"నీ చేత్తోనే తియ్యి, గువ్వ వాళ్ళమ్మా. నువ్వయితే నెమ్మదిగా తీస్తావు. రక్తంలో ఆడా మగా కూడా కనబడతారా?"

"చిన్న చిన్న పోగుల్లా ఉంటాయత్తా. వాటిని లెక్కపెట్టి చూస్తాం. కొంచెం నొప్పెడుతుంది."

"ఆడదానికి నొప్పి చెప్తావా?" నవ్వింది. "నాకయితే ఆ నొప్పి కూడా దేవుడు తప్పించాడులే."

"ఏ నొప్పి?"

"నెలనెలా వచ్చేది. నాకెప్పుడూ రాలేదు. పొడుగు పిల్లలకి ఆలస్యమవుతుందిలే అనేది మా అమ్మ. నలభై ఏడు నిండాయి, ఇంకా చూస్తూనే ఉన్నా."

సూది అప్పటికే లోపల ఉంది. గొట్టంలోకి రక్తం వస్తోంది. నా వేళ్ళు చల్లబడ్డాయి. అవి చల్లబడ్డ సంగతి కూడా ఆమె మణికట్టుకు తెలిసే ఉంటుంది, ఒకసారి నా మొహంలోకి చూసింది.

నెలసరి రాకపోవడానికి చాలా కారణాలుంటాయి. గర్భసంచి లేకుండా పుట్టేవాళ్ళుంటారు, వాళ్ళ క్రోమోజోములు నా క్రోమోజోముల్లాగే ఉంటాయి. కానీ ఇంకో రకం వాళ్ళుంటారు. ఆడపిల్లగా పుట్టి, ఆడపిల్లగా పెరిగి, పెళ్ళాడి, ఒంట్లో ప్రతి కణంలోనూ మగవాడికుండే క్రోమోజోముల జతనే మోస్తూ, ఆ సంగతి తెలియకుండానే ముసలివాళ్ళయిపోతారు. ఎవరూ చూడరు కాబట్టి తెలియదు. దారినపోయే వెయ్యిమందిని ఆపి అడిగితే, తన క్రోమోజోములు చూసుకున్నవాళ్ళు ఒకరు దొరకడం కష్టం. చూసుకోమని ఆమెను పంపించినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ రక్తాన్ని మందు నీళ్ళలో కలిపి, ఒంటి వేడి ఉండే పెట్టెలో డెబ్భై రెండు గంటలు ఉంచుతాం. కణాలు పెరుగుతాయి. సరిగ్గా ఆ గడువుకు తీసి, పెరుగుదల ఆపి, గాజు పలక మీద వేసి చూడాలి. మంగళవారం రెండు గంటలకు పెట్టాను. శుక్రవారం రెండు గంటలకు తియ్యాలి.

ఆ మూడు రోజులూ ఆ పెట్టె ముందు నుంచి పోయినప్పుడల్లా గడియారం చూశాను. పరీక్షలో ఆ మగ జత కనిపిస్తే ఆమె ఉద్యోగం పోతుంది. అది ఒక భయం. రిపోర్టు నేరుగా డే కేర్ మేడంకు పోతుంది, అక్కణ్ణుంచి వకీలుగారికి, అక్కణ్ణుంచి గ్రూపుకు. అంటే నలభై ఏడేళ్ళుగా తాను ఎవరో తెలిసిన మనిషికి, కాదు అని ముప్ఫైమంది చెప్తారు. ఆ ముప్ఫైమందికంటే ముందు చూసేది నేను. మళ్ళీ అంతలోనే, అన్నీ సవ్యంగానే ఉంటాయేమో, పరీక్ష ఆమెను కాపాడుతుందేమో అని ఆశ.

"ఏది కనబడితే అది రాస్తావు. అంతేగా నీ పని" అన్నాడు మా ఆయన.

"భయం అందుకేగా."

గువ్వకు స్నానం చేయిస్తుంటే చెయ్యి ఆగిపోయేది. ఈ పిల్ల కణాల్లో ఏముందో నాకూ తెలియదు. చూడగలను, చెంచాడు రక్తం చాలు. చూడాలని ఒక్క క్షణం అనిపించింది కూడా. ఆ అనిపించడానికే హడలిపోయి టవలు చుట్టి పిల్లను ఎత్తుకున్నాను.

శుక్రవారం పన్నెండున్నరకు డే కేర్‌కు వెళ్ళాను. ఫలితం రాకముందే రోగికి అనుమానం చెప్పడం మా పనిలో తప్పు. ఆ తప్పు చేయడానికే వెళ్ళాను. కర్టెన్లు వేసి ఉన్నాయి. నిచ్చెనత్త కాళ్ళ మీద నలుగురు పిల్లలు నిద్రపోతున్నారు. ఎడమ కాలి మీద చివరిది గువ్వ. నేను పక్కన నేల మీద కూర్చుని, గుసగుసగా, నాకు తెలిసిందంతా చెప్పాను. ఉండవచ్చు, ఉండకపోవచ్చు అని రెండూ చెప్పాను.

ఆమె పాదాలు ఆడటం ఆగింది. ఒక పిల్లవాడు మూలిగాడు. మళ్ళీ ఆడించడం మొదలుపెట్టింది.

"అంటే, నేను మగాడినా?"

"కాదత్తా. మీరు మీరే. అది కణాల్లో ఉండే సంగతి."

"మరి కోర్టువాళ్ళు ఏది చూస్తారు? నన్నా, కణాన్నా?"

"మీలాంటివాళ్ళని పుట్టినప్పుడు చూసి ఆడపిల్లే అంటారత్తా. కోర్టువాళ్ళు అదే చాలంటారేమో, నాకు తెలీదు. ఉత్తరం రాసినవాళ్ళు మాత్రం కణాన్నే చూస్తారు."

జారుతున్న గువ్వను కాలి మీదికి సర్దింది. తర్వాత, "మా ఆయన పోయేముందు నెల్లాళ్ళు ఆస్పత్రిలో ఉన్నాడు. నా పెళ్ళాం ఏది, నా పెళ్ళాం ఏది అనేవాడు, నేను మంచినీళ్ళకి పోయొచ్చేలోపు. ఆ మాట చెరిపేసే కాగితం నాకొద్దు" అంది.

"రెండింటిలోపు మీరు వద్దని సంతకం పెడితే ఆ గొట్టం పారేస్తాం. ఎవరికీ తెలియదు. నాక్కూడా. కానీ కాగితం లేకపోతే వీళ్ళు మిమ్మల్ని..."

"తెలుసులే. ఇటివ్వు."

ఫారం ఆమె తొడ పక్కన నేల మీద పెట్టాను, పిల్లలు కదలకుండా. పిల్లల పలకల మీద తానూ దిద్దుకుని నేర్చుకున్న అక్షరాలు. ఒక్కొక్కటీ రేగుపండంత. సంతకం పూర్తిచేసి పెన్ను నాకిస్తూ అంది:

"ఆ ఉత్తరం మేడం బల్ల మీద చూశాను. మిగతా పేర్లు చదవలేకపోయాను గానీ, నీ పేరు చదివా. గువ్వ సంచీ మీద రోజూ చూస్తాగా."

నేను తల ఎత్తలేకపోయాను. "చదవకుండా పెట్టానత్తా."

"అంత చదువుకుని చదవకుండా ఎట్లా పెట్టావు?" కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"భయం" అన్నాను.

"దేనికి?"

నేల తుడిచే అక్క చెప్పినట్టు, భయానికి ఒక మొహం ఉండాలి. నా భయానికి అది కూడా లేదు. రెండింటికి ఐదు నిమిషాలుండగా గొట్టాన్ని క్రిములు చంపే మందులో ముంచి పారేశాను.

సాయంత్రం గ్రూపులో నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని రాశాను, ఎందుకో కూడా రాశాను, ఆమె సంగతేమీ చెప్పకుండా. ఇద్దరు దండం బొమ్మ పెట్టారు. వకీలుగారు 'మీ అభిప్రాయాన్ని గౌరవిస్తాం' అని రాశారు. ఒక తల్లి మాత్రం విడిగా ఫోను చేసి, "నిజం చెప్పు, నీకేమన్నా తెలిసిందా?" అంది. తెలియదు అన్నాను. అది నిజమే. అయినా ఆవిడ నమ్మలేదు. అంతకుముందు అనుమానం ఒకరికే ఉండేది. నిచ్చెనత్త పరీక్ష వద్దంది అన్న మాట పాకాక ముప్ఫైమందికీ వచ్చింది.

మేడం మంచిదే, ఉద్యోగం తీసెయ్యలేదు. నిచ్చెనత్తను గేటు దగ్గర వేశారు. పిల్లల్ని ముట్టుకోకూడదు. గేటు తీసి వెయ్యాలి, వచ్చేవాళ్ళ పేర్లు రాసుకోవాలి. మధ్యాహ్నం పిల్లలు ఇప్పుడు ఒంటిగంటన్నర దాటితే గానీ పడుకోవట్లేదట.

నిన్న సాయంత్రం గువ్వను తీసుకుని బయటికి వస్తుంటే పిల్ల మొహం వాడిపోయి ఉంది. కొత్త ఆయా థర్మామీటరు పెట్టి మామూలే అందట. గేటు దగ్గర ఆగాను. గువ్వ రెండు చేతులూ చాపి ఆమె మీదికి వంగింది.

"ఒక్కసారి చూడత్తా" అన్నాను.

నిచ్చెనత్త రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. కళ్ళతో పైకి చూపించింది. గేటు స్తంభం మీద కొత్త కెమెరా, ఎర్ర చుక్క వెలుగుతోంది. ఉత్తరంలో మొదటి అంశం. అది మాత్రం నేను చదివే సంతకం పెట్టాను.

"చేతులు వెనక్కి లాక్కో తల్లీ" అంది గువ్వతో. తర్వాత నాతో, "కళ్ళ కింద ఎర్రగా ఉంది. తొందరగా ఇంటికి పో."

సందు మలుపు తిరిగాక ఆగి, నా మణికట్టు లోపలి వైపును గువ్వ చెవి వెనక ఆనించాను. కళ్ళు మూసుకుని రెండు ఊపిర్లు తీసుకున్నాను. వేడిగానే ఉంది. పిల్లదో, నాదో తేల్చుకోలేకపోయాను.