సడక్ మీద పడ్డ నా రికార్డింగు

“నరేషూ! పాటలు పంపినవారా? వంట అయిపోవస్తున్నది!”

నిన్న మా అన్న ఈ కేక ఏసినప్పుడు నాకేం ఎరుక, కొద్దిసేపట్ల నా ఇజ్జత్ రోడ్డుమీద పడుతదని!

తెలంగాణ కోసం సిరిసిల్ల బంద్. మా ఇంటి ముంగటనే వంటావార్పు. సడక్ మీదనే పొయ్యిలు పెట్టి, అందరు వండుకొని తినుడు. అన్నది పెండ్లి వీడియోలు మిక్సింగ్ చేసే పని. కింద స్టూడియోల ఒక కంప్యూటర్, మీద నా అర్రల పాతదొకటి, కిటికీలకెళ్లి రెంటికీ కేబుల్. కింది దానికి పెద్ద స్పీకర్లు కట్టిన్రు. ఉద్యమం పాటలన్ని నా కాడ ఉన్నయి.

“పంపుతున్న అన్నా!” అని కంట్రోల్ ఏ కొట్టి, ఫోల్డర్ల ఉన్నయన్ని కిందికి కాపీ చేసిన. కిటికీల నిలబడ్డ. ఎదురింటి రజిత పచ్చ చున్నీ ఏసుకొని ఇస్తరాకులు పరుస్తున్నది. అబ్బ! పొయ్యి పొగ గూడ నాకు మబ్బు లెక్కనే కనబడ్డది.

ఒక పాట అయిపోయింది. తర్వాత దగ్గు. నా దగ్గు!

“నిన్ను చూసినప్పటి సంది నాకు బువ్వ సయిస్తలేదు...”

అయ్యో దేవుడా! రజితకు ఎట్ల చెప్పాల్నో ప్రాక్టీస్ చేసుకున్న రికార్డింగు! అదే ఫోల్డర్ల ఉండె. ఆఖర్ల ఆమె పేరున్నది. ఆమె నాయిన లచ్చయ్య మామేమో గంటె పట్టుకొని స్పీకర్ పక్కనే నిలబడ్డడు! ఇంకోనాడైతే బట్ట నేసే సాంచాల చప్పుడుకు ఏం ఇనబడకపోతుండె. బంద్‌కు సాంచాలన్ని ఆగినయి.

నా అర్రలకెళ్లే కింది ఫైల్‌ను డిలీట్ కొట్టిన. ఫైల్ వాడకంల ఉన్నదట, పోదట! కేబుల్ గుంజి పారేసిన. గొంతు ఆగలె. ఎట్ల ఆగుతది? ఫైల్ ఎప్పుడో కిందికి పోయి కూసున్నది! మెట్లు దుంకుకుంట ఉరికిన.

“...వెన్నెలల్ల నీ పేరే కనబడుతది. ఆ పేరు...”

కరెంటు పోయింది!

రోజూ తిట్టే కరెంటోళ్లకు నిన్న మనసుల దండం పెట్టిన.

“ఎవడుర గాడు?” లచ్చయ్య మామ అడిగిండు.

“పెండ్లి వీడియో డబ్బింగు మామా,” అన్నడు అన్న, నా దిక్కు గుడ్లురిమి చూసుకుంట.

“గా ఏడుపు గొంతేందిరా? పెండ్లా, సావా?”

అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన, అందరికంటె గట్టిగ.

బతికిపోయిన అనుకొని ఇస్తరి ముంగట కూసున్న. భయం పోయిందేమో, ఆకలి దంచింది. మల్ల అన్నం అడిగిన. వడ్డించుకుంట రజిత వంగి మెల్లగ అన్నది, “బువ్వ సయిస్తలేదంటివి?”

నేను పెద్ద ముద్ద నోట్లె కుక్కుకున్న.

“చెప్పు నరేష్, కరెంటు ఉంటే ఎవల పేరు అచ్చేది?”

నేర్చుకున్న మబ్బులు, వెన్నెల ఒక్కటి యాదికి రాలె. నోట్లె ముద్ద గుటుక్కున మింగి అన్న:

“నీదే.”