ఎంతసేపని అడగకూడని బండి

మదనపల్లె మార్కెట్ యార్డు ముందు కారు ఆగితే చాలు, చితికిన టమాటాల పుల్లటి వాసన అద్దం సందులోంచి లోపలికొచ్చి, నన్ను పట్టుకెళ్లి మళ్లీ తొమ్మిదో తరగతిలో కూర్చోబెడుతుంది.

అప్పట్లో మా నాయన పుంగనూరు చుట్టుపక్కల తోటల నుంచి ఈ యార్డుకే టెంపోలో టమాటాలు తోలేవాడు. సెలవొస్తే నేనూ ఎక్కేదాన్ని. వానకు తడిసిన ఎర్రమట్టి వాసన, ఒళ్లో అమ్మ కట్టిచ్చిన సంకటి ముద్ద, ఊరిమిండి పచ్చడి, వెనక బాక్సుల గలగల, ఆహా! ఒక్కటే కట్టడి: బండి కదిలే ముందు ‘ఎంతసేపు పడుతుంది’ అనకూడదు. ఓసారి నోరు జారాను, సోమల దాటకముందే టైరు పేలింది.

“అడగొద్దంటే యాల అడిగితివి తల్లీ?” అని నాయన నెత్తి కొట్టుకున్నాడు.

ఆ ఏడే క్వార్టర్లీ పరీక్షలో లెక్కలు తప్పాను. “ఆఫియర్లీలోనూ పోతే బడి మానిపించి మీ అత్త కాడ పట్టు తీసే షెడ్డులో పెడతా, సూడు,” అంది అమ్మ. ఉడుకు నీళ్లలో పట్టుగూళ్లు కదిపి కదిపి ఒరిసిపోయిన అత్త వేళ్లు నాకు తెలుసు. పోనంటే పోనని పట్టుబట్టాను.

నన్ను ముంచిన లెక్క ఇది: అరవై కిలోమీటర్లు లోడుతో పోయిన లారీ, ఖాళీగా గంటకు పది కిలోమీటర్లు ఎక్కువ వేగంతో తిరిగొచ్చింది, రానుపోను అయిదు గంటలు, పోయేటప్పటి వేగమెంత? నేను నూటఇరవైని అయిదుతో భాగించి ఇరవై నాలుగని రాసొచ్చాను.

టెంపోలో కాలం అడగకూడదు గనక, కిలోమీటరు రాళ్లు, స్పీడు ముల్లు చూసి దూరాన్ని వేగంతో భాగించుకుంటూ పెదాలు కదిపేదాన్ని. లోడుతో మూలుగుతూ పోయే బండీ, ఖాళీగా ఎగురుతూ వచ్చే బండీ ఒకటెట్లా అవుతాయి? పోయిన కాలం వేరు, వచ్చిన కాలం వేరు. విడివిడిగా భాగించి ఆ తర్వాతే కలపాలి. అరవై బై ఎక్స్, ప్లస్ అరవై బై ఎక్స్ ప్లస్ పది, ఈక్వల్టు అయిదు. ఎక్స్ ఇరవై! పోను మూడు గంటలు, రాను రెండు. ఆఫియర్లీలో అట్లాంటి లెక్కే వస్తే తడుముకోకుండా రాశాను. షెడ్డు మాట అమ్మ మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నేను కుప్పంలో లెక్కల టీచర్ని. రోడ్డు వెడల్పు చేశాక ఆ రాళ్లు లేవు, టెంపో పాతసామానుకు పోయింది. నిన్న నాయన్ని మా ఇంటికి తీసుకొస్తూ యార్డు ముందు ఫోనులో మ్యాపు పెట్టానో లేదో, అది గంటలూ నిమిషాలూ వల్లించేసింది.

“దాని నోరు మూయమ్మా! బండి కదలకముందే సెప్తాండాదే!”

ఫోను కట్టేశాను. పుంగనూరు దాటాక, అలవాటు కొద్దీ ముల్లు చూసి పెదాలు కదుపుతున్నాను. నాయన కాసేపు నా మొహమే చూసి, మెల్లిగా అడిగాడు:

“నీ లెక్కలో ఎంతసేపమ్మా?”