సున్నా నుంచి వెనక్కి తిరిగిన మగ్గం

సోమవారం కరీంనగర్ కాలేజీలో ప్రాజెక్టు చూపించాలి, నాకేమో నవ్వు ఆగడం లేదు. అందుకే మన ప్రోగ్రామింగ్ గ్రూపులో ఇప్పుడే రాస్తున్నాను.

సిరిసిల్లలో మా బాపు నడిపే మరమగ్గానికి నేనొక కౌంటర్ తయారుచేశాను. పేకపోగును మోసే నాడె ఒకసారి అటునుంచి ఇటు పోతే అంకె ఒకటి పెరుగుతుంది, మగ్గం వెనక్కి తిరిగితే ఒకటి తగ్గుతుంది. సరిగ్గా లెక్కపెడితేనే మగ్గం మీద ఉంచనిస్తానని బాపు షరతు. ఈ రోజు దాన్ని బిగించి సున్నా దగ్గర పెట్టాను. బాపు తన అలవాటు ప్రకారం, మగ్గం నడిపే ముందు చక్రాన్ని చేత్తో ఒకసారి వెనక్కి తిప్పాడు.

తెర మీద 65535!

"ఏందే గిది? నేసుడే షురూ చెయ్యలే, గప్పుడే గింతయ్యిందా?" అన్నాడు.

నూలు కండెలు చుడుతున్న అవ్వ, అదే మా అమ్మ, "మంచిగైంది, ఇగ నువ్వు పండుకో. నీ బిడ్డ మిషినే నేస్తది" అంది.

తప్పు నాదే. ఆ అంకెను అన్‌సైన్డ్‌గా రాశాను. దానికి మైనస్ అంటే తెలియదు. సున్నాలోంచి ఒకటి తీస్తే పదహారు బిట్లూ ఒకట్లైపోయి, చుట్టూ తిరిగి అన్నిటికంటే పెద్ద అంకె దగ్గర తేలుతుంది. మైనస్ కూడా తెలిసే సైన్డ్‌గా మార్చి, సున్నా దగ్గర పెట్టి మళ్లీ తిప్పించాను. అవే పదహారు ఒకట్లు ఈసారి మైనస్ ఒకటి! నేను గంతులేశాను.

"ఎనుకకు పోయింది గూడ యాదికుంచుకుంటదా? అయితే ఉండనియ్యి" అన్నాడు బాపు.

కానీ సైన్డ్‌లో 32767 దాటితే అంకె మైనస్‌లోకి దూకుతుంది. బాపు మధ్యాహ్నానికే దాటిస్తాడు. ముప్పై రెండు బిట్లు చేస్తే సరిపోతుందా? మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే, కాబట్టి మిమ్మల్నే అడగాలి. ఆదివారం సాయంత్రంలోగా చెప్పండి. లేకపోతే మళ్లీ అవ్వ నోటికి చిక్కుతాను!