మనుషుల్ని దింపే వేగం

గోదావరిఖనిలో మా పక్క క్వార్టరులో ఉండే, మేము బాబాయి వరసలో 'కాకా' అని పిలుచుకునే పెద్దాయన మొన్న సోమవారం ఉదయం, మొదటి షిఫ్టు వాళ్లు డ్యూటీకి పోయే వేళ, నిద్రలోనే మరణించారని పాఠకులకు తెలియజేయవలసి వస్తున్నది. గుండె ఆపరేషనుకు దవాఖాన వారిచ్చిన తేదీకి ఇంకా నాలుగు రోజుల గడువుంది. ఆయన దేనికీ తొందరపడిన మనిషి కారు, ఇదొక్కటే మినహాయింపు.

కాక భూగర్భ గనిలో కేజ్ ఆపరేటరుగా పదవీ విరమణ చేశారు. కేజ్ అంటే కార్మికులను బావిలోకి దించే ఇనుప పంజరం. కింది నుంచి గంట వినబడితే, అదే గంటను తిరిగి మోగించి, ఆ తర్వాతే దాన్ని కదపాలి. బొగ్గుకొక వేగం, మనుషులకు అంతకంటే బాగా తక్కువ.

విరమణ తర్వాత ఆయన కంప్యూటరులో విమానాలు దించడం ప్రారంభించారు. నిజం విమానం నడిపినట్టే ఉండే ఈ సిమ్యులేటరు ఆటలో ఇంటర్నెట్ ద్వారా స్వచ్ఛందంగా పనిచేసే కంట్రోలర్లుంటారు. ఎంత ఎత్తుకు దిగాలో, ఎటు తిరగాలో వారు చెబితే, పైలట్ ఆ ఆదేశాన్ని పొల్లుపోకుండా తిరిగి అప్పగించాలి. కొత్తవారంతా తడబడేది ఇక్కడే. కాకకు ఇంగ్లీషు అంతంతమాత్రమైనా, అప్పగించడంలో మాత్రం ఏనాడూ లోపం రాలేదు.

కాక భార్య చిన్నమ్మ అభిప్రాయం వేరు. "ముప్పై ఏండ్లు భూమిలకు దించిండు, సాల్లేదట. ఇప్పుడు మొగులు మీదికెళ్లి దించుతుండు. ఓ పెద్దమనిషీ, జర నువ్వు సుత దిగిరా, చాయ్ సల్లారుతాంది!"

చిక్కు శంషాబాదు రన్‌వే దగ్గర వచ్చింది.

"అంకుల్, మీ వెనక ముగ్గురున్నారండీ. కొంచెం స్పీడు పెంచండి" అన్నారు కంట్రోలరు, గొంతును బట్టి కోస్తా యువతి.

"మనుషులున్నరు మేడం. బొగ్గు దింపినట్టు దింపరాదు."

"లోపల ఎవరూ లేరండీ. ఇది సిమ్యులేటరు."

కాక ఈ సమాచారాన్ని తిరిగి అప్పగించలేదు.

ఆమె ల్యాండింగు రద్దుచేసి మళ్లీ పైకి పొమ్మన్నారు. మరునాడూ అంతే. మూడోనాడు కాక కంప్యూటరు తెరవలేదు.

"దిగేటోళ్లను నడిమిట్లకెళ్లి పైకి ఎన్నడు గుంజలె బిడ్డా. గిప్పుడు రెండుపార్లు గుంజిన" అన్నారు నాతో. ఆపరేషను బల్ల ఎక్కేలోగా ఒక్కసారైనా పూర్తిగా దించాలన్నది ఆయన ఏకైక విజ్ఞప్తి.

కంప్యూటరు అసలు ప్రయాణికులను ఎక్కించుకోదని నేను సాంకేతికంగా వివరించాను.

"నువ్వు సదువుకున్నోనివి. నీకు కండ్లవడరు."

ఆదివారం సాయంత్రం మళ్లీ ఆమే కంట్రోలరు. ఈసారి కాక ముందుగానే దరఖాస్తు పెట్టుకున్నారు: "అందరిని దించుండ్రి మేడం. నేను ఆఖరుకు దిగుత."

చాలాసేపు ఆయన ఆకాశంలోనే గుండ్రంగా తిరిగారు. వరుసలో ఉన్నవారంతా దిగిపోయారు.

"ఇప్పుడు మీ వెనక ఎవరూ లేరు అంకుల్. మీ స్పీడులోనే రండి."

"ఎవ్వరు లేరు. నా స్పీడుల్నే వస్తున్న" అని కాక అప్పగించారు.

చక్రాలు నేలను ఎంత మెల్లగా తాకాయంటే, పక్కనే కూర్చుని చూస్తున్న నాకు ఆ సంగతి కొంత ఆలస్యంగా తెలిసింది. విమానం గేటు దగ్గర ఆగింది. ఆమె శుభాకాంక్షలు చెప్పి నిష్క్రమించారు. కాక మాత్రం జాయ్‌స్టిక్ మీది చెయ్యి తీయలేదు.

"అందరు దిగిన్రా?"

తెర మీద ఖాళీ కిటికీల వరుస ఉంది. విచారణ జరిపే మార్గమేదీ అందుబాటులో లేనందున, "దిగిన్రు కాకా" అని ధ్రువీకరించాను.

అప్పుడు ఆయన వేళ్లు ఒక్కొక్కటిగా విడివడ్డాయి.