ఈరన్న పేరు పెట్టిన పాస్‌వర్డ్

ఎనిమిదేళ్లుగా మోస్తున్నాను. ఇంట్లో ఆమెకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, మీ మొహం చూడనక్కర లేదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎమ్మిగనూరులో చీరల అంచులకు డిజైన్లు గీసే ఆఫీసు మాది. కంప్యూటర్లన్నీ ఖాజా అన్న చూసుకునేవాడు. నేను ఆయన కింద పనివాణ్ణి. ఏది ఎక్కించాలన్నా, తీసేయాలన్నా అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. అది ఆయనొక్కడికే తెలియాలని ఓనరు కట్టడి. ఆయన మాత్రం నన్ను నమ్మి చెప్పేశాడు. మేం కొలిచే ఉరుకుంద ఈరన్న స్వామి పేరే దానికి పెట్టుకున్నాడు. ఏటా తిరునాళ్లకు మాతోపాటే బస్సెక్కేవాడు. "దేవుని పేరప్పా, దీంతో ఎవురు తప్పు సేస్తారు?" అని నవ్వేవాడు.

నేనే చేశాను.

ఆ శుక్రవారం ఆయన నమాజుకు పోయినాక నా కంప్యూటరు మొరాయించింది. డిస్కు నిండిపోయిందట. ఆయన వచ్చేదాకా ఆగొచ్చు. ఎందుకు ఆగలేదు? నాకూ చేతనవునని చూపించుకోవాలి, అంతే. పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందట. ఎప్పుడో పని మానేసిన డిజైనరు ఖాతా అందులో ఊరికే పడి ఉందనుకుని, ఆ పాస్‌వర్డ్ కొట్టి తీసేశాను. ఫైళ్లు ఉంచాలా, చెరిపేయాలా అని అడిగింది. సరిగ్గా చదవకుండానే చెరిపేయమని నొక్కాను. పాత అంచుల డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

సోమవారం బయటపడింది. ఓనరు ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టాడు.

"పాస్‌వర్డు నీకు గాక ఇంకెవురికి తెల్సు ఖాజా?"

ఖాజా అన్న నా వైపు తిరిగాడు. "నువ్వే సెప్పప్పా," అన్నాడు.

"నాకు పాస్‌వర్డే తెలీదన్నా," అన్నాను.

ఆయన మొహంలో కోపం లేదు. కోపం ఉండి ఉంటే బతికిపోయేవాణ్ణి. ఓనరు వైపు తిరిగి, "నాకొక్కనికే తెల్సు సార్," అన్నాడు. సాయంత్రానికల్లా ఆయన పని పోయింది.

ఆయన కుర్చీ నాకిచ్చారు. పాస్‌వర్డ్ మార్చమన్నారు. మార్చానని చెప్పాను, మార్చలేదు. భయమా, నాకు నేను వేసుకున్న శిక్షా? అదీ తెలీదు. రోజూ పొద్దున ఆ దేవుని పేరు ఒక్కో అక్షరం కొట్టాలి. తిరునాళ్ల బస్సు మాత్రం మళ్లీ ఎక్కలేదు. ఖాజా అన్న ఇప్పుడు ఆదోనిలో మిక్సీలు బాగుచేస్తున్నాడని విని రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఆ సందు మొదట్లోంచే తిరిగొచ్చాను.

క్షమించమని అడగను. ఇది రాస్తున్న కంప్యూటరు కూడా ఆ పేరుతోనే తెరిచాను. ఖాజా అన్న తప్పు చేయలేదు. నేను చేశాను. ఇన్నేళ్లకు ఈ రెండు మాటలు బయటికొచ్చాయి, కానీ వినాల్సిన మనిషి ఆదోనిలో ఉన్నాడు.