ఎల్లవ్వత్త పరద, గ్రీకు ఉంగరం

నాకు పదేళ్ళప్పుడు... మా వాడకట్టు పసుపంతా ఒక్కటే కల్లంలో ఆరేది. ఉడికించిన కొమ్ములు ఇంటికో కుప్ప. కావలి మాత్రం ఇంటికో పూట. ఎవరి వంతు వస్తే వాళ్ళు అన్ని కుప్పలూ తమవే అన్నట్టు చూసుకోవాలి.

ఒకరోజు బడిలో సారు ఒక కథ చెప్పారు. వెనకటికి గ్రీసు దేశంలో, న్యాయం అంటే ఏమిటని పెద్దలు వాదించుకునేవారట. అందులో ఒకాయన చెప్పిన కథ... గొర్రెలు కాసేవాడికి ఉంగరం దొరికింది. దాని రాయి లోపలికి తిప్పితే మనిషి కనబడడు. ఇక వాడు చేయని తప్పు లేదు.

"గా ఉంగరం నీకు దొరికితే ఏం జేస్తవ్‌రా?" అని ఒక్కొక్కరిని లేపి అడిగారు. ఒకడు జామకాయలన్నాడు. ఒకడు టాకీసులో దూరతానన్నాడు. నా వంతు వచ్చింది. నలుగురిలో నాకు నోరు పెగలదు... ఇప్పటికీ అంతే.

"సరే, రేపు చెప్పు" అన్నారు సారు.

ఆ సాయంత్రం కావలి నాది. మబ్బు చూసి పెద్దలు కుప్పలన్నిటికీ పరదలు కప్పి, మూలలకు రాళ్ళు పెట్టి చేనుకు పోయారు. పరదలంటే, గోనెసంచులు విప్పి కుట్టినవే. చెడగొట్టు వాన పట్టుకుంది. మా పరదకు నడుమ చిరుగు... నీళ్ళు లోపలికి దిగుతున్నాయి.

అటూ ఇటూ చూశాను. ఎవరూ లేరు.

పక్క కుప్ప ఎల్లవ్వత్తది. మొగుడు పోయాక ఒక్కతే ఎకరం చేసుకునేది. ఆమె రాళ్ళు తీసి, ఆమె పరద లాగి, మాదాని మీద కప్పాను. వాన వెలిశాక దాన్ని కంచె మీద పడేశాను.

అత్త వచ్చి తడిసిన కుప్ప ముందు కూలబడింది. పరద గాలికి లేచిపోయిందన్నాను. ఆమె కొంగుతో నా తల తుడిచింది.

"నువ్వేం జేస్తవ్ బిడ్డా... గాలితోని కొట్లాడుతవా?"

ఆ ఏడు ఆర్మూర్ మార్కెట్లో బేరగాళ్ళు ఆమె కొమ్ము విరిచి చూసి, తడికి రంగు చెడిందని పక్క కుప్పకు జరిగారు. పక్క కుప్ప మాదే.

సారు మళ్ళీ అడగలేదు. నేనే వెనక వరసకు జరిగి కూర్చున్నాను.

మొన్న మనవరాలు గ్రూప్స్ పరీక్షకు పైకి చదువుతోంది... అదే ఉంగరం. "అన్యాయం జరిగినోళ్ళ కన్నా చేసినోళ్ళకే ఎక్కువ నష్టమట తాతా. లోపల నిమ్మళం ఉండదట" అంది.

చేతిలో చాయ్ చల్లబడింది. లేచి వాకిట్లో తిరిగాను. కూర్చున్నాను. మళ్ళీ లేచాను...

మర్నాడు బస్సెక్కి మెండోర పోయాను. అత్త అక్కడ బిడ్డ దగ్గర ఉంటుంది. తొంభైకి దగ్గర. గడప దగ్గరే నిలబడి చెప్పేశాను.

"ఇన్నేండ్లు గాలిని తిట్టిన గదరా" అంది.

అంతే. కూర్చోమనలేదు... పొమ్మననూ లేదు. నిమ్మళం వచ్చిందా అంటే, ఇంకా తెలియదు.

ఇప్పుడు ఆ కల్లం లేదు. ఎవరి పసుపు వాళ్ళ డాబా మీదే. మార్కెట్లో స్తంభానికో కెమెరా. అప్పుడు మాత్రం పదేళ్ళ పోరణ్ని నమ్మి వాడకట్టంతా చేనుకు పోయేది...

మీరూ ఎప్పుడైనా ఆ ఉంగరం తిప్పి ఉంటే... చెప్పుకోవాల్సిన మనిషి ఇంకా ఉంటే, ముందు అక్కడికి పోండి. నాలాగ ఇక్కడ తర్వాత రాయొచ్చు.